కంప్యూటర్‌లో ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ ఎంపిక: మొరాయించిన రోజున ఏది ఆదుకుంటుంది?

ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ ఎంత నమ్మదగినదో అది సవ్యంగా నడుస్తున్నన్నాళ్లూ తెలియదు. నేను 6 ఏళ్లపాటు డబ్బు కట్టి వాడిన ఒక సాఫ్ట్‌వేర్, ఒక మామూలు అప్‌డేట్ తర్వాత తెరవబోతే, డేటాబేస్ పాడైందని చెప్పి, మరమ్మతు చేయాలా అని అడిగింది. చేయమన్నాను. 40 నిమిషాలపాటు తెర మీద పచ్చగీత మెల్లగా సాగి, చివరికి ఖాళీ ఇన్‌బాక్స్ తెరుచుకుంది. ఎడమవైపు ఫోల్డర్ల పేర్లన్నీ ఉన్నాయి, వాటి లోపల ఒక్క మెయిల్ కూడా లేదు. హార్డ్ డిస్క్‌లో వెతికితే ఆ సాఫ్ట్‌వేర్ తాలూకు ఫైల్ 11 జీబీ పరిమాణంతో అలాగే ఉంది. అంటే మెయిళ్లు ఎక్కడికీ పోలేదు. వాటిని చదవగలిగేది లోకంలో ఆ ఒక్క సాఫ్ట్‌వేరే కాగా, అదేమో చదవలేనంటోంది. సహాయ విభాగానికి రాస్తే యంత్రం పంపే జవాబు వెంటనే వచ్చింది. మనిషి రాసిన జవాబు 9వ రోజున వచ్చింది. సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూడమని అందులో ఉంది. ఆ పని అప్పటికే చేశానని నా మొదటి మెయిల్‌లోనే రాశాను.

చివరికి ఇటీవలి మూడేళ్ల మెయిళ్లు సర్వర్‌లో ఉండబట్టి దక్కాయి. అంతకు ముందువి, నాలుగు నెలల కిందటి బ్యాకప్‌ను ఒక పాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, అదే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌ను అందులో వేసి, ఒక్కొక్క ఫోల్డర్‌నూ విడి ఫైళ్లుగా బయటకు తీస్తే గానీ చేతికి రాలేదు. ఆ పనికి రెండు వారాంతాలు పట్టాయి. అప్పటి నుంచి ఎవరు సలహా అడిగినా రూపురేఖల గురించి గానీ, సదుపాయాల జాబితా గురించి గానీ ముందు మాట్లాడను. మెయిళ్లు ఏ రూపంలో నిల్వ అవుతాయి, సాఫ్ట్‌వేర్ ఆగిపోయిన రోజున ఎవరు జవాబు చెబుతారు అన్న రెండు ప్రశ్నలే ముందు వేస్తాను. ఈ పోలిక అంతా ఆ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

అసలు ప్రతి ఎక్కడుంది?

సాఫ్ట్‌వేర్ పేరు ఎంచుకోక ముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. మీ అకౌంట్ పాప్ పద్ధతిలో నడుస్తోందా, ఐమ్యాప్ పద్ధతిలోనా? పాప్ పద్ధతిలో మెయిళ్లు సర్వర్ నుంచి మీ కంప్యూటర్‌లోకి దిగుతాయి. సర్వర్‌లో ఒక ప్రతి ఉంచమని మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే, ఆ తర్వాత మీ హార్డ్ డిస్క్‌లో ఉన్నదే ఏకైక ప్రతి కావచ్చు. ఐమ్యాప్ పద్ధతిలో అసలు ప్రతి సర్వర్‌లోనే ఉంటుంది, మీ కంప్యూటర్‌లో ఉన్నది దాని నకలు. కాబట్టి ఐమ్యాప్ వాడేవారికి సాఫ్ట్‌వేర్ పాడైతే పోయేది చాలావరకు సమయమే. పాప్ వాడేవారికి ఏకంగా ఉత్తరాలే పోవచ్చు.

అయితే ఐమ్యాప్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనుకోవడం పొరపాటు. ఫోన్‌లో పొరపాటున తొలగించిన ఫోల్డర్ మరు నిమిషంలో సర్వర్ నుంచీ పోతుంది, కంప్యూటర్ నుంచీ పోతుంది. అలాగే సర్వర్‌లో చోటు చాలక చాలామంది పాత మెయిళ్లను కంప్యూటర్‌లోని స్థానిక ఫోల్డర్లలోకి జరుపుతుంటారు. జరిపిన క్షణం నుంచి వాటి బాధ్యత పూర్తిగా మీదేనన్న సంగతి ఏ సాఫ్ట్‌వేరూ గట్టిగా గుర్తు చేయదు. నా విషయంలో చిక్కుకుపోయినవి సరిగ్గా అవే.

నిల్వ చేసే తీరులో తేడాలు

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను తయారుచేసిన మొజిల్లా వారి ఉచిత సాఫ్ట్‌వేర్ థండర్‌బర్డ్ ఒక్కో ఫోల్డర్‌ను ఎంబాక్స్ అనే రూపంలో ఒకే పెద్ద ఫైల్‌గా నిల్వ చేస్తుంది. ఆ ఫైల్ సాదా టెక్స్ట్ కాబట్టి, సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఏ టెక్స్ట్ ఎడిటర్‌తోనైనా తెరిచి చూడవచ్చు, ఇతర సాఫ్ట్‌వేర్లు కూడా చాలావరకు దాన్ని చదవగలవు. నా దృష్టిలో ఇది ఈ సాఫ్ట్‌వేర్‌కున్న అన్నిటికన్నా పెద్ద బలం. బలహీనతా అందులోనే ఉంది. ఫోల్డర్ అంతా ఒకే ఫైల్ కావడం వల్ల, ఒక మెయిల్‌కు తగిలించిన వైరస్‌ను చూసి యాంటీవైరస్ ఇన్‌బాక్స్ ఫైల్‌ను మొత్తంగా పక్కన పడేసిన సందర్భాలున్నాయి. అందుకే మెయిళ్లు, సెట్టింగులు అన్నీ ఉండే ప్రొఫైల్ ఫోల్డర్‌ను యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించడం గురించి దాని సహాయ పత్రాల్లోనే ప్రస్తావన కనిపిస్తుంది. తొలగించిన మెయిల్ కూడా వెంటనే ఫైల్ నుంచి పోదు. దానిపై తొలగించినట్టు గుర్తు మాత్రమే పడుతుంది, ఫోల్డర్‌ను కంపాక్ట్ చేసినప్పుడే, అంటే ఖాళీలు తీసేసి కుదించినప్పుడే నిజంగా పోతుంది. ఏళ్ల తరబడి కంపాక్ట్ చేయని ఇన్‌బాక్స్ బరువెక్కి నెమ్మదించడం సహజం.

థండర్‌బర్డ్‌లో ఎక్కువగా ఎదురయ్యే బెడద మెయిళ్లు పోవడం కాదు, పోయినట్టు కనిపించడం. మెయిళ్ల జాబితాను చూపేందుకు అది ప్రతి ఫోల్డర్‌కూ ఎంఎస్‌ఎఫ్ అనే చిన్న సూచిక ఫైల్‌ను పక్కన పెట్టుకుంటుంది. ఆ సూచిక పాడైతే ఫోల్డర్ ఖాళీగానో, తప్పుడు మెయిళ్లతోనో కనిపిస్తుంది. ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో రిపేర్ ఫోల్డర్ నొక్కితే సూచిక మళ్లీ తయారవుతుంది. ఒక బంధువు కంప్యూటర్‌లో 8,000 పైచిలుకు మెయిళ్లున్న ఫోల్డర్ ఇలాగే ఒక ఉదయం ఖాళీగా తెరుచుకుంది. ఆ మీట నొక్కాక మెయిళ్లు వరుసగా మళ్లీ కనిపించడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నొక్కే ముందు మాత్రం ప్రొఫైల్ ఫోల్డర్‌ను వేరే చోటికి కాపీ చేసుకోవాలి. గుర్తులు, రంగు లేబుళ్లు కొన్ని ఆ మరమ్మతులో పోయే వీలుంది.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లో భాగంగా వచ్చే క్లాసిక్ అవుట్‌లుక్ పీఎస్‌టీ, ఓఎస్‌టీ అనే తన సొంత రూపాల్లో నిల్వ చేస్తుంది. అవుట్‌లుక్ 2002 వరకు పీఎస్‌టీ ఫైల్‌కు 2 జీబీ పరిమితి ఉండేది, ఆ గీత దాటిన ఫైళ్లు తెరుచుకోక ఎందరో ఇబ్బంది పడ్డారు. 2003 వెర్షన్‌తో కొత్త రూపం వచ్చింది, 2010 నుంచి డిఫాల్ట్ పరిమితి 50 జీబీ అయింది. స్కాన్‌పీఎస్‌టీ అనే మరమ్మతు సాధనం అవుట్‌లుక్‌తో పాటే వస్తుంది. చిన్న పొరపాట్లను అది చక్కగానే సరిచేస్తుంది గానీ, పెద్ద దెబ్బ తగిలిన ఫైల్ విషయంలో బాగుచేయలేని అంశాలను వదిలేస్తుంది కాబట్టి నకలు తీసుకోకుండా దాన్ని నడపకూడదు. పీఎస్‌టీ ఫైల్‌ను నెట్‌వర్క్ డ్రైవ్‌లోనో, ఎప్పటికప్పుడు క్లౌడ్‌కు చేరే ఫోల్డర్‌లోనో ఉంచి వాడటం కష్టాన్ని కోరి తెచ్చుకోవడమే.

ఓఎస్‌టీ సంగతి వేరు. అది సర్వర్‌లోని మెయిళ్ల నకలే కాబట్టి తొలగిస్తే మళ్లీ దానంతటదే తయారవుతుందని చెబుతుంటారు. కార్యాలయాలు వాడే మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ అయిన ఎక్స్‌చేంజ్‌లోని అకౌంట్‌కు ఈ మాట దాదాపుగా నిజం. కానీ అవుట్‌లుక్ 2013 నుంచి ఐమ్యాప్ అకౌంట్లకూ ఓఎస్‌టీ ఫైలే వాడుతున్నారు. ఐమ్యాప్ అనేది మెయిళ్లను తప్ప క్యాలెండర్‌ను, కాంటాక్టులను మోయదు. వాటిని అవుట్‌లుక్ "ఈ కంప్యూటర్‌లో మాత్రమే" అన్న పేరుతో అదే ఓఎస్‌టీలో దాస్తుంది. ఎవరో చెప్పారని ఆ ఫైల్‌ను తొలగిస్తే మెయిళ్లు తిరిగి వస్తాయి, క్యాలెండర్, కాంటాక్టులు రావు. ముందుగా వాటిని పీఎస్‌టీలోకి ఎగుమతి చేసుకున్న తర్వాతే ఓఎస్‌టీ మీద చేయి వేయాలి.

ఆపిల్ మెయిల్ ఒక్కో మెయిల్‌ను ఒక్కో ఫైల్‌గా దాస్తుంది. ఒక ఫైల్ చెడితే ఒక మెయిలే చెడుతుంది, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా కొత్తగా వచ్చిన ఫైళ్లను మాత్రమే కాపీ చేస్తే సరిపోతుంది. చూడటానికి ఇంతకన్నా మేలైన పద్ధతి లేదు. కానీ అటాచ్‌మెంట్లను దింపుకొనే సెట్టింగ్ ఒకటుంది. దాన్ని ఇటీవలివి అన్న ఎంపికలో ఉంచితే గత 15 నెలల అటాచ్‌మెంట్లే కంప్యూటర్‌లోకి దిగుతాయి. బ్యాకప్ అంతా భద్రంగా ఉందనుకుని, తీరా పాత ఒప్పంద పత్రం కోసం తెరిస్తే మెయిల్ ఉండి అటాచ్‌మెంట్ లేకపోవడం ఇలాగే జరుగుతుంది. అన్నీ దింపుకొనేలా మార్చుకోవాలి.

ఈఎం క్లయింట్ అనే మరో ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ అన్నింటినీ తన డేటాబేస్‌లో ఉంచుతుంది. నా మొదటి అనుభవం తర్వాత ఈ పద్ధతి అంటే నాకు జంకు ఉంది. అయినా ఇందులో తనంతట తానే క్రమం తప్పకుండా బ్యాకప్ తీసే ఏర్పాటు ఉంది, మెయిళ్లను విడి ఫైళ్లుగా బయటకు తీసే మార్గమూ ఉంది కాబట్టి దీన్ని పక్కన పెట్టడం లేదు. లినక్స్ వాడేవారికి ఎవల్యూషన్, క్లాస్ మెయిల్ రెండూ మెయిళ్లను అందరూ చదవగల రూపంలోనే ఉంచుతాయి. కేమెయిల్ మాత్రం అకొనాడి అనే మధ్య పొర మీద ఆధారపడి నడుస్తుంది, దానితో వచ్చే చిక్కులను విప్పుకొనే ఓపిక ఉన్నవారే దాని జోలికి వెళ్లాలి.

రెండు అవుట్‌లుక్‌లు ఒకటి కావు

విండోస్‌లో ఇప్పుడు అవుట్‌లుక్ అన్న పేరుతో రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు ఉండటం చాలామందిని తికమక పెడుతోంది. విండోస్‌తో పాటు వచ్చిన పాత మెయిల్ యాప్‌కు 2024 డిసెంబర్ 31తో మద్దతు ముగిసింది, దాని స్థానంలో కొత్త అవుట్‌లుక్ వచ్చింది. ఇది పునాదిలో వెబ్ అవుట్‌లుకే. ఇందులో మీరు వేరే సంస్థ ఐమ్యాప్ అకౌంట్‌ను చేరిస్తే, మెయిళ్లు ఆ సంస్థ సర్వర్ నుంచి నేరుగా మీ కంప్యూటర్‌కు రాకుండా మైక్రోసాఫ్ట్ క్లౌడ్ మీదుగా వస్తాయి. కొందరికి ఇది పట్టింపు కాకపోవచ్చు. వృత్తిరీత్యా ఇతరుల రహస్యాలను కాపాడవలసిన న్యాయవాదులు, వైద్యులు, ఆడిటర్ల వంటి వారు మాత్రం ఇది తెలిసే నిర్ణయించుకోవాలి. క్లాసిక్ అవుట్‌లుక్‌కు అదనపు సదుపాయాలు చేర్చే, కామ్ యాడ్ఇన్‌లు అనే పాత తరహా చిన్న ప్రోగ్రాములు ఇందులో నడవవు. పీఎస్‌టీ ఫైళ్లకు మొదట్లో అసలు తావే లేదు, విడతలవారీగా చేరుస్తూ వస్తున్నారు.

క్లాసిక్ అవుట్‌లుక్‌కు కనీసం 2029 వరకు మద్దతు ఉంటుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అయితే ఏ ఆఫీస్‌లో భాగంగా మీ దగ్గర ఉందన్నదీ చూసుకోవాలి. ఆఫీస్ 2016, 2019 రెండింటికీ 2025 అక్టోబర్ 14న మద్దతు ముగిసింది. అవి ఇంకా నడుస్తూనే ఉండవచ్చు, భద్రతా సవరణలు మాత్రం రావు. బయటి నుంచి ఎవరు పంపిన మెయిలైనా వచ్చి పడే చోట, సవరణలు ఆగిన సాఫ్ట్‌వేర్‌ను వాడటం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

మద్దతు ఎప్పటిదాకా?

పాస్‌వర్డ్ తప్పని మాటిమాటికీ అడగడం, మీరు సరైనదే కొట్టినా ఒప్పుకోకపోవడం ఇటీవలి ఏళ్లలో ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు. చాలా సందర్భాల్లో తప్పు పాస్‌వర్డ్‌ది కాదు. గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత అకౌంట్లలో ఉత్త పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చే పాత సాఫ్ట్‌వేర్లను అనుమతించడం మానేసింది. మైక్రోసాఫ్ట్ సంస్థల అకౌంట్లకు 2022 అక్టోబర్ 1 నుంచి, వ్యక్తిగత అవుట్‌లుక్ అకౌంట్లకు 2024 సెప్టెంబర్ 16 నుంచి అదే పని చేసింది. పాస్‌వర్డ్‌ను సాఫ్ట్‌వేర్ చేతికి ఇవ్వకుండానే లోపలికి వెళ్లే ఓఆథ్ అనే కొత్త పద్ధతిని నేర్చుకున్న సాఫ్ట్‌వేర్లు బతికాయి, అభివృద్ధి ఆగిపోయినవి ఒక్క రోజులో పనికిరాకుండా పోయాయి. నిన్నటి దాకా నిక్షేపంగా నడిచినది ఇవాళ ఆగిపోవడానికి దానిలోనే లోపం ఉండనక్కర్లేదని, చుట్టూ లోకం మారితే చాలునని ఇక్కడ తెలుస్తుంది.

కనుమరుగైన వాటి జాబితా చిన్నదేమీ కాదు. 1988లో స్టీవ్ డోర్నర్ రాసిన యుడోరా ఒకప్పుడు ఎందరికో రోజూ చేతిలో ఉండే పనిముట్టు. 2006లో దాని వాణిజ్య అభివృద్ధి ఆగిపోయింది. అయినా అది మెయిళ్లను ఎంబాక్స్‌కు దగ్గరి రూపంలో దాచేది కాబట్టి, వాటిని ఇప్పటికీ చదవడం సాధ్యమవుతోంది. విండోస్ లైవ్ మెయిల్‌కు 2017 జనవరి 10న మద్దతు ముగిసింది. మొజిల్లా కోడ్ మీద కట్టిన పోస్ట్‌బాక్స్‌ను 2024లో ఈఎం క్లయింట్ సంస్థ కొనేయడంతో దాని ప్రయాణమూ ముగిసింది. థండర్‌బర్డ్ కూడా 2012లో ఇంచుమించు ఆ అంచుకే వెళ్లింది, అప్పట్లో మొజిల్లా కొత్త సదుపాయాల పని తగ్గించుకుంది. 2020లో ఎంజెడ్‌ఎల్‌ఏ టెక్నాలజీస్ అనే అనుబంధ సంస్థ కిందికి మారి, వాడుకరుల విరాళాలతో నిలదొక్కుకుని, 2023లో 115వ వెర్షన్‌తో కొత్త రూపు దిద్దుకుంది. జీవితకాల లైసెన్స్ అన్న మాట చూసి డబ్బు కట్టేవారు ఆ జీవితకాలం మనది కాదని, ఆ సాఫ్ట్‌వేర్‌దని గుర్తుంచుకోవాలి.

ఎవరు జవాబు చెబుతారు?

థండర్‌బర్డ్‌కు ఫోన్ చేసి అడిగే వీలు లేదు. జవాబులు చెప్పేవారిలో ఎక్కువమంది స్వచ్ఛందంగా సమయం ఇస్తున్నవారు. ఇది లోపంగా కనిపించవచ్చు గానీ, నా అనుభవంలో డబ్బు తీసుకున్నవారి కంటే వీరి దగ్గరే కారణం దాకా వెళ్లిన జవాబులు దొరికాయి. ఎవరో రెండేళ్ల కిందట పడిన ఇబ్బంది, దానికి దొరికిన పరిష్కారం బహిరంగంగా ఉంటాయి. బగ్‌ల జాబితా అందరూ చూడవచ్చు కాబట్టి మీ ఇబ్బంది నలుగురికీ ఉందో లేదో తెలుస్తుంది. మరోవైపు, పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా కొన్ని యాడ్ఆన్‌లు, అంటే అదనపు సదుపాయాల కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, ఆగిపోవడం ఇక్కడ మామూలే. 2020లో వచ్చిన 78వ వెర్షన్‌తో పాత తరహా యాడ్ఆన్‌లన్నీ ఒకేసారి పోయాయి. ఒక యాడ్ఆన్ మీదే మీ పని మొత్తం ఆధారపడి ఉంటే కొత్త వెర్షన్‌కు తొందరపడకండి.

ఈఎం క్లయింట్ ఉచిత లైసెన్స్ వ్యక్తిగత వాడకానికి, రెండు అకౌంట్లకు పరిమితం. డబ్బు కట్టినవారికే సంస్థ నుంచి నేరుగా సహాయం అందుతుంది. అవుట్‌లుక్ వాడే పెద్ద సంస్థల్లో అసలు మద్దతు మీ కార్యాలయంలోని ఐటీ విభాగమే, వారు సమర్థులైతే అంతకన్నా అండ మరొకటి ఉండదు. ఆపిల్ మెయిల్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగం కాబట్టి దాన్ని విడిగా అప్‌డేట్ చేసుకునే వీలుండదు, దానిలో ఏ లోపం సరికావాలన్నా మ్యాక్ అప్‌డేట్ కోసం చూడాలి.

ఎవరిని అడిగినా, అడిగే తీరు మీద జవాబు ఆధారపడుతుంది. "మెయిల్ రావడం లేదు" అని రాస్తే రెండు వారాలు ప్రశ్నలతోనే గడిచిపోతాయి. సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, అకౌంట్ పాపా ఐమ్యాపా ఎక్స్‌చేంజా, తెర మీద వచ్చిన సందేశం అక్షరం పొల్లు పోకుండా, అది మొదటిసారి వచ్చిన రోజు, దానికి ముందు మారిన విషయం, ఇవన్నీ మొదటి మెయిల్‌లోనే ఉండాలి. యాడ్ఆన్‌లు లేకుండా తెరిచి చూశారా అన్నది తప్పక రాయండి. థండర్‌బర్డ్‌కు ట్రబుల్‌షూట్ మోడ్, అవుట్‌లుక్‌కు సేఫ్ మోడ్ ఉన్నది ఇందుకే. సగం ఫిర్యాదులకు అక్కడే కారణం బయటపడుతుందని నా నమ్మకం.

ఎవరికి ఏది?

ఒకటి రెండు ఐమ్యాప్ అకౌంట్లతో, ఏళ్ల తరబడి దాచుకోవలసిన మెయిళ్లతో పని చేసేవారికి నా మొదటి సలహా థండర్‌బర్డ్. ఏ రోజైనా దాన్ని వదిలి వెళ్లాలనిపిస్తే మెయిళ్లను వెంట తీసుకెళ్లవచ్చు. కార్యాలయం ఎక్స్‌చేంజ్ మీద నడుస్తూ, సమావేశాల క్యాలెండర్లు, ఒకరి తరఫున మరొకరు మెయిల్ పంపే ఏర్పాట్లు ఉన్నవారు క్లాసిక్ అవుట్‌లుక్‌ను వదిలి రావడంలో అర్థం లేదు. థండర్‌బర్డ్‌లో ఎక్స్‌చేంజ్ మెయిల్‌కు నేరుగా మద్దతు 2025 నవంబర్‌లో వచ్చిన 145వ వెర్షన్‌తోనే మొదలైంది, క్యాలెండర్, అడ్రస్ బుక్ అప్పటికి అందులో చేరలేదు. లినక్స్ మీద ఎక్స్‌చేంజ్ తప్పనిసరైతే ఎవల్యూషన్ ఆ పని ఎంతోకాలంగా చేస్తోంది.

మ్యాక్‌లో పెద్దగా మార్పులు కోరనివారికి ఆపిల్ మెయిల్ చాలు. పాత ప్లగిన్‌ల మీద ఆధారపడినవారు మాత్రం 2023 నాటి మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ సోనోమా నుంచి అవి నడవవని తెలుసుకోవాలి. సొంతంగా చిన్న వ్యాపారం నడుపుతూ, చిక్కు వస్తే అడగడానికి ఒక సంస్థ ఉండాలని కోరుకునేవారికి ఈఎం క్లయింట్‌కు డబ్బు కట్టడం తప్పుగా అనిపించదు. డబ్బు కట్టే ముందు ఉచిత లైసెన్స్‌తో 1,000 మెయిళ్లున్న ఒక ఫోల్డర్‌ను బయటకు ఎగుమతి చేసి, మరో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, అటాచ్‌మెంట్లు, తేదీలు సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

ఏది ఎంచుకున్నా మొదటి నెల పాతదాన్ని తీసేయకండి. ఆ నెలలో ఒక రోజు ఇంటర్నెట్ ఆపేసి పాత మెయిళ్లు, వాటి అటాచ్‌మెంట్లు తెరుచుకుంటున్నాయేమో చూడండి. ఆ స్థితిలోనే ఒక మెయిల్ రాసి పంపి, అవుట్‌బాక్స్‌లో నిలిచిన ఆ మెయిల్ కనెక్షన్ వచ్చాక తనంతట తాను వెళ్తుందేమో, లేక చెబితే గానీ కదలదేమో గమనించండి. అయిదేళ్ల కిందటి మెయిల్‌ను అందులోని ఒక్క పదంతో వెతకండి. ఆఖరున, బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లోకి ఎక్కించి తెరవండి. అక్కడ ఇన్‌బాక్స్‌లోని సంఖ్య, ఇక్కడి సంఖ్య ఒకటే అయితే పాతదాన్ని తీసేయవచ్చు.